స్మార్ట్ ఇల్లు, స్మార్ట్ బిల్డింగ్: సెన్సార్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇళ్లలో, ఆఫీసు భవనాల్లో సెన్సార్లు అమర్చే పనిలో ఉన్నవాళ్లకి ఎక్కడికి వెళ్లినా ఎదురయ్యే ప్రశ్నలు దాదాపు ఇవే. కొన్నిటికి రెండు మాటల్లో జవాబు సరిపోతుంది. కొన్నిటికి కాస్త కూర్చుని మాట్లాడుకోవాలి.

స్మార్ట్ ఇల్లు అంటే ఫోన్‌తో లైటు వేసుకోవడమేనా?

కాదు. ఫోన్‌తో లైటు వేస్తే స్విచ్ గోడ మీంచి జేబులోకి మారింది, అంతే. దాన్ని రిమోట్ కంట్రోల్ అనాలి. పైగా చేతికి అందే స్విచ్ నొక్కడం కంటే ఫోన్ తీసి, లాక్ తెరిచి, యాప్ వెతకడమే ఎక్కువ పని.

ఇల్లు స్మార్ట్ అవ్వాలంటే మూడు పనులు వరసగా జరగాలి. ఒకటి, ఏం జరుగుతోందో గమనించడం. ఇది సెన్సార్ పని. రెండు, దాన్నిబట్టి ఏం చేయాలో తేల్చుకోవడం. ఇది ఒక చిన్న కంప్యూటర్ పని. మూడు, ఆ పని చేయడం. ఇది రిలే (కరెంటుతో నడిచే స్విచ్), మోటారు, వాల్వు లాంటి వాటి పని. చేశాక ఫలితం ఎలా ఉందో సెన్సార్ మళ్లీ చూస్తుంది. ఈ చుట్టు పూర్తయితేనే మనిషి చెయ్యి పెట్టకుండా పని నడుస్తుంది.

నాకు బాగా నచ్చే ఉదాహరణ బాత్రూమ్ ఎగ్జాస్ట్ ఫ్యాను. వేడి నీళ్లతో స్నానం మొదలుపెట్టగానే గదిలో తేమ గబగబా పెరుగుతుంది. సెన్సార్ ఆ పెరుగుదలని చూసి ఫ్యాను వేస్తుంది. తేమ మామూలు స్థాయికి దిగాక ఆపేస్తుంది. ఎవరూ ఏదీ నొక్కలేదు, ఎవరూ ఏదీ గుర్తుపెట్టుకోలేదు. గోడలకి బూజు పట్టడం మాత్రం తగ్గిపోతుంది.

ఇది ఈమధ్య వచ్చిన ఆలోచనేనా?

చాలా పాతది. 1883లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో వారెన్ జాన్సన్ అనే ప్రొఫెసర్ గది వేడిని కొలిచి కబురు పంపే ఎలక్ట్రిక్ పరికరానికి పేటెంటు తీసుకున్నారు. క్లాసులో వేడి ఎక్కువైనా తక్కువైనా బాయిలర్ చూసుకునే మనిషి గది గదికీ తిరిగి చూడాల్సి వచ్చేది. ఆ తిరుగుడు తప్పించడానికే ఆయన ఆ పరికరం తయారుచేశారు. 1975లో స్కాట్లాండ్‌లో పుట్టిన ఎక్స్‌10 పద్ధతి ఇంట్లో ఉన్న కరెంటు తీగల మీదుగానే సంకేతాలు పంపి లైట్లని నడిపేది.

ఇప్పుడు మారింది ధర, పరిమాణం. వైఫై, చిన్న కంప్యూటర్ రెండూ ఒకే చిప్పులో ఇమిడిన ఈఎస్‌పీ8266 2014లో బాగా చవగ్గా దొరకడం మొదలైంది. అప్పటిదాకా పెద్ద భవనాలకే సాధ్యమైన పనులు మామూలు ఇంటి స్విచ్ బోర్డులోకి వచ్చేశాయి.

సెన్సార్ లోపల ఏం జరుగుతుంది?

ప్రకృతిలో ఏదో ఒక మార్పు కరెంటులో మార్పుగా మారుతుంది. ఉష్ణోగ్రత కొలిచే థర్మిస్టర్‌లో వేడి పెరిగేకొద్దీ నిరోధం తగ్గుతుంది. తేమ సెన్సార్‌లో ఒక పల్చటి పాలిమర్ పొర గాలిలో తేమని పీల్చుకుంటుంది, దాంతో దాని కెపాసిటెన్స్, అంటే విద్యుత్ ఆవేశాన్ని నిల్వ చేసుకునే సామర్థ్యం, మారుతుంది. తలుపు సెన్సార్ ఇంకా తేలిక. ఒక వైపు అయస్కాంతం, రెండో వైపు గాజు గొట్టంలో రెండు సన్నటి లోహపు రేకులు. తలుపు మూస్తే రేకులు అంటుకుంటాయి, తీస్తే విడిపోతాయి. నీళ్లు కారితే చెప్పే సెన్సార్‌కి కింద రెండు లోహపు మొనలు ఉంటాయి. వాటి మధ్య నీళ్లు చేరగానే కరెంటు పారుతుంది. ఇంత సాదా పరికరం వాషింగ్ మెషిన్ వెనకాల, సింకు కింద పెట్టుకుంటే ఎంత నష్టం తప్పిస్తుందో ఒకసారి నేల తడిసి చెక్క ఉబ్బినవాళ్లకి బాగా తెలుసు.

బాత్రూమ్‌లో కదలకుండా కూర్చుంటే లైటు ఆరిపోతోంది. సెన్సార్ పాడైందా?

పాడవలేదు. దాని పని తీరే అంత.

ఎక్కువ ఇళ్లలో వాడేది పీఐఆర్ సెన్సార్. మన ఒంటి వేడి కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ కిరణాల రూపంలో ఎప్పుడూ బయటికి వస్తూనే ఉంటుంది. 9, 10 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర అది ఎక్కువగా ఉంటుంది. సెన్సార్ లోపల ఆ వేడికి స్పందించే రెండు చిన్న పలకలు పక్కపక్కనే ఉంటాయి. ముందు కనిపించే తెల్లటి ప్లాస్టిక్ బుడిపె ఒక లెన్సు. అది గదిని విసనకర్ర మడతల్లా చీలికలుగా విడగొట్టి చూపిస్తుంది. మనం ఒక చీలిక లోంచి ఇంకో చీలికలోకి కదిలితే ఒక పలక మీద వేడి పెరిగి, రెండో దాని మీద తగ్గుతుంది. సెన్సార్ పట్టుకునేది ఆ తేడానే. అంటే దానికి కనపడేది మనిషి కాదు, వేడిలో వచ్చిన కదలిక. మీరు కదలకపోతే దాని లెక్కలో మీరు లేరు.

ఈ ఒక్క సంగతి అర్థమైతే మిగతా చిక్కులు కూడా విడిపోతాయి. గది ఉష్ణోగ్రత ఒంటి వేడికి దగ్గరగా ఉంటే పీఐఆర్ సరిగ్గా పట్టుకోలేదు. మామూలు గాజు ఈ వేడి కిరణాలని ఆపేస్తుంది కాబట్టి కిటికీ అద్దం వెనకాల పెట్టి బయట నడిచేవాళ్లని చూడమంటే చూడదు. సెన్సార్ ఎదురుగా నేరుగా నడిచి వస్తే ఆలస్యంగా, అడ్డంగా నడిస్తే వెంటనే పసిగడుతుంది.

కదలని మనిషిని కూడా గుర్తించాలంటే మిల్లీమీటర్ వేవ్ రాడార్ సెన్సార్ కావాలి. ఇవి 24 లేదా 60 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి. ఊపిరి తీసుకుంటే ఛాతీ కదిలే ఆ కొద్దిపాటి కదలిక కూడా వీటికి చాలు. వీటికీ ఇబ్బందులు ఉన్నాయి. పల్చటి గోడ అవతల మనిషినీ చూసేస్తాయి, తిరిగే ఫ్యానుని, ఊగే కర్టెన్‌ని మనిషి అనుకుంటాయి. అందుకే లైటు వెలిగించడానికి పీఐఆర్‌ని, వెలిగిన లైటుని అలాగే ఉంచడానికి రాడార్‌ని జతగా వాడితే బాగుంటుంది.

మా ఇంట్లో మొదట పీఐఆర్ ఒక్కటే పెట్టి, 2 నిమిషాల తర్వాత లైటు ఆరిపోయేలా చేశాను. నాన్నగారు లోపల ఉండగా లైటు ఆరిపోయింది. ఆయన చీకట్లో గోడ పట్టుకుని బయటికి వచ్చారు. కాలు జారలేదు. ఆ రోజు నుంచి పెద్దవాళ్లున్న ఏ ఇంట్లో అయినా బాత్రూమ్ లైటుకి కనీసం 15 నిమిషాల గడువు పెడుతున్నాను. రెండు పైసల కరెంటు కోసం మనిషిని చీకట్లో పెట్టకూడదు.

సెన్సార్ ఎక్కడ పెట్టాలి? అంత తేడా ఉంటుందా?

ఉంటుంది. సెన్సార్ ఖరీదు కంటే పెట్టిన చోటే ముఖ్యం. ఉష్ణోగ్రత సెన్సార్‌ని టీవీ పైన పెడితే టీవీ వేడిని కొలుస్తుంది. ఎండ పడే గోడకి పెడితే గోడ వేడిని కొలుస్తుంది. ఏసీ గాలి సూటిగా తగిలే చోట పెడితే గది చల్లబడకముందే చల్లబడిందని చెప్పేస్తుంది. లోపలి గోడకి, నేల నుంచి మీటరున్నర ఎత్తులో, గాలి మెల్లగా ఆడే చోట ఉండాలి. గోడలో స్విచ్ పెట్టెలోకి తీగల పైపు లోంచి వచ్చే గాలి కూడా కొలతని తప్పుదారి పట్టిస్తుంది, ఆ రంధ్రాన్ని మూసెయ్యాలి.

వెలుతురు సెన్సార్ తను నడిపించే లైటునే చూస్తుంటే ఇంకో తమాషా జరుగుతుంది. చీకటి పడిందని లైటు వేస్తుంది, వెలుతురు వచ్చిందని ఆపుతుంది, మళ్లీ వేస్తుంది. దాన్ని కిటికీ వైపు తిప్పండి.

గాలి నాణ్యత కొలిచేవి కొనాలా? వాటిలో ఏది నమ్మాలి?

ఒక్కటే కొనగలిగితే కార్బన్ డయాక్సైడ్ కొలిచేది కొనమంటాను. బయటి గాలిలో అది ఇప్పుడు 420 పీపీఎం పైనే (పీపీఎం అంటే పది లక్షల భాగాల్లో ఎన్ని భాగాలు అని). మనుషులున్న గది మూసి ఉంచితే పెరుగుతూ పోతుంది. ఇద్దరు పడుకునే గదిలో రాత్రంతా తలుపులు, కిటికీలు వేసి ఉంటే తెల్లారేసరికి 2000 దాటడం మామూలే. 1000 దాటితే గాలి సరిగ్గా మారడం లేదని అర్థం. తల బరువుగా ఉంది, మీటింగులో నిద్ర వస్తోంది అనే ఫిర్యాదులు చాలావరకు అలాంటి గదుల నుంచే వస్తాయి.

కొనేటప్పుడు ఒక విషయం చూడాలి. అసలైన సెన్సార్ ఎన్‌డీఐఆర్ పద్ధతిలో కొలుస్తుంది. 4.26 మైక్రోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ కాంతిని కార్బన్ డయాక్సైడ్ ఎంత మింగేసిందో చూసి లెక్క చెబుతుంది. చవక పరికరాల్లో 'ఈ-సీఓటూ' అని రాసి ఉంటే అది వేరే ఆవిరులని కొలిచి, దాన్నుంచి అంచనా వేసిన అంకె. పక్కన ఎవరో సెంటు కొట్టుకుంటే ఆ అంకె ఎగిరిపోతుంది. అలాంటివి వద్దు.

చాలా ఎన్‌డీఐఆర్ సెన్సార్లు కొన్ని రోజుల్లో కనపడిన అతి తక్కువ అంకెని బయటి గాలి అనుకుని తమని తాము సరిచేసుకుంటాయి. అందుకని వారానికి ఒక్కసారైనా గదిని బాగా తెరిచి ఉంచాలి. ఎప్పుడూ మూసి ఉండే గదిలో కొలత మెల్లగా తప్పుతుంది.

పీఎం2.5 (2.5 మైక్రోమీటర్ల లోపు సన్నటి ధూళి) కొలిచేవి లోపలికి గాలి పీల్చి, దాని మీద లేజర్ వేసి, ధూళి కణాల మీద నుంచి చెదిరిన కాంతిని చూస్తాయి. తేమ బాగా ఎక్కువైతే నీటి బిందువులని కూడా ధూళి కింద లెక్కేస్తాయి. ఒక్కో అంకెనీ పట్టుకుని టెన్షన్ పడకుండా, పెరుగుతోందా తగ్గుతోందా అన్నది చూసుకోండి.

పొగ, గ్యాస్ అలారాలు కూడా స్మార్ట్‌వి పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు. కానీ అలారం మోగడానికి వైఫై, ఫోన్, సర్వర్ ఏవీ అవసరం కాకూడదు. పరికరం తన బ్యాటరీతో, తన గొంతుతో మోగాలి. ఫోన్‌కి కబురు రావడం ఆ పైన అదనపు సౌకర్యం. ఈ విషయంలో నేను ఎవరితోనూ రాజీ పడను.

పొగ పసిగట్టేవి రెండు రకాలు. కాంతితో పనిచేసేవి నెమ్మదిగా రాజుకునే మంటని ముందుగా పట్టుకుంటాయి. అమెరీషియం-241 అనే రేడియోధార్మిక మూలకాన్ని రవ్వంత వాడే అయనైజేషన్ రకం, భగ్గున లేచే మంటని త్వరగా పట్టుకుంటుంది. ఇళ్లకి కాంతి రకం మంచిది, వంటింటి పొగకి అనవసరంగా మోగడం కూడా తక్కువ. వంటగ్యాస్ సెన్సార్ పెట్టే ఎత్తు గ్యాస్‌ని బట్టి ఉంటుంది. ఎల్‌పీజీ గాలి కంటే బరువు, నేల దగ్గర చేరుతుంది కాబట్టి సెన్సార్ కింద ఉండాలి. పైపు ద్వారా వచ్చే సహజవాయువు తేలిక, పైకి పోతుంది కాబట్టి కప్పు దగ్గర ఉండాలి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనా రంగూ ఉండవు. మూసిన గదిలో ఏదైనా మండించే ఇంట్లో దాని సెన్సార్ తప్పనిసరి.

ఈ సెన్సార్లకి ఆయుష్షు ఉంటుంది. పొగ అలారాన్ని 10 ఏళ్లకి మార్చేయాలి. తయారైన తేదీ వెనకాల రాసి ఉంటుంది, చూసుకోండి.

వైఫై, జిగ్‌బీ, జెడ్-వేవ్, థ్రెడ్, మ్యాటర్... వీటిలో ఏది మంచిది?

మొదటి నాలుగూ రేడియో దారులు, మ్యాటర్ ఒక భాష. ఈ తేడా తెలిస్తే సగం గందరగోళం పోతుంది.

వైఫై అందరి ఇళ్లలో ఉంది, వేగం ఎక్కువ, కరెంటు కూడా ఎక్కువ తాగుతుంది. కెమెరాలకి, ప్లగ్గులకి సరిపోతుంది. స్మార్ట్ పరికరాల్లో ఎక్కువ భాగం 2.4 గిగాహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి. కొత్త పరికరం కనెక్ట్ కావడం లేదంటే మీ వైఫై దాని మీద ఉందో లేదో ముందు చూడండి.

జిగ్‌బీ కూడా 2.4 గిగాహెర్ట్జే. దాని వేగం సెకనుకి 250 కిలోబిట్లు. 'తలుపు తీశారు' అనే ఒక్క మాట చెప్పడానికి అంతకంటే ఎందుకు? దాని బలం మెష్. ఒక పరికరం చెప్పింది ఇంకోటి అందుకుని ముందుకు పంపుతుంది. అయితే కరెంటుకి తగిలించిన ప్లగ్గులు, స్విచ్‌లు మాత్రమే అలా అందిస్తాయి. బ్యాటరీ మీద నడిచేవి తమ మాట చెప్పేసి నిద్రపోతాయి. అందుకే దూరపు గదిలో సెన్సార్ అందకపోతే మధ్యలో ఒక జిగ్‌బీ ప్లగ్గు పెడితే చాలు. జెడ్-వేవ్ అమెరికాలో 908, యూరప్‌లో 868 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. తక్కువ పౌనఃపున్యం గోడల్ని బాగా దాటుతుంది. దేశాన్నిబట్టి బ్యాండు మారుతుంది కాబట్టి వేరే దేశం నుంచి తెచ్చుకున్నది పనికిరాకపోవచ్చు. థ్రెడ్ కూడా జిగ్‌బీ వాడే రేడియో మీదే నడుస్తుంది, కానీ ఒక్కో పరికరానికీ సొంత ఐపీ చిరునామా ఉంటుంది.

మ్యాటర్ 2022 అక్టోబరులో వచ్చింది. వైఫై మీదా, థ్రెడ్ మీదా, ఈథర్‌నెట్ తీగ మీదా వేర్వేరు కంపెనీల వస్తువులు ఒకే భాష మాట్లాడుకోవాలన్నది దాని ఉద్దేశం. కొత్తగా కొంటుంటే ఆ గుర్తు ఉన్నవాటికే మొగ్గు చూపండి. ఉన్నవాటిని పారేసి మార్చుకోవాల్సిన పని లేదు.

ఒక చిన్న చిట్కా. జిగ్‌బీ డాంగిల్‌ని (కంప్యూటర్‌కి జిగ్‌బీ రేడియో ఇచ్చే చిన్న ముక్క) కంప్యూటర్ యూఎస్‌బీ 3 పోర్టుకి నేరుగా గుచ్చితే ఆ పోర్టు నుంచి వచ్చే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్‌ని చెడగొడుతుంది. ఒక మీటరు ఎక్స్‌టెన్షన్ తీగ వేసి దూరంగా పెట్టండి. నెలల తరబడి వేధించే సమస్యలు ఈ ఒక్క తీగతో పోవడం చాలాసార్లు చూశాను.

బటన్ బ్యాటరీతో సెన్సార్ ఏళ్ల తరబడి ఎలా నడుస్తుంది?

దాదాపు జీవితమంతా నిద్రపోతుంది కాబట్టి. సీఆర్2032 బ్యాటరీలో సుమారు 220 మిల్లీఆంపియర్-గంటల శక్తి ఉంటుంది. సగటున 5 మైక్రోఆంపియర్లు వాడితే లెక్క ప్రకారం 5 ఏళ్లు వస్తుంది. అదే వైఫై రేడియోలా 80 మిల్లీఆంపియర్లు లాగుతూ ఉంటే 3 గంటలు కూడా రాదు. బ్యాటరీ తొందరగా అయిపోతోందంటే సెన్సార్‌కి సిగ్నల్ సరిగ్గా అందక, చెప్పిందే మళ్లీ మళ్లీ చెబుతోందేమో చూడండి.

ఇంటర్నెట్ పోతే ఇల్లు ఆగిపోతుందా?

ఆగిపోయేలా కట్టుకుంటే ఆగిపోతుంది. నన్ను అడిగితే కొనేముందు వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

చాలా పరికరాల్లో మీరు హాల్లో స్విచ్ నొక్కితే ఆ కబురు ఎక్కడో ఉన్న సర్వర్‌కి వెళ్లి, అక్కడి నుంచి తిరిగి మీ హాల్లో లైటుకి వస్తుంది. మూడడుగుల దూరానికి ఇంత ప్రయాణం. నెట్ పోతే లైటు వెలగదు. కంపెనీ సర్వర్ మూసేస్తే ఎప్పటికీ వెలగదు. ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. రివాల్వ్ అనే హబ్‌కి (ఇంట్లో పరికరాలన్నిటినీ కలిపి నడిపే పెట్టె) 2016 మే నెలలో సర్వర్ ఆపేశారు, కొన్నవాళ్ల చేతిలో ఉత్త డబ్బా మిగిలింది. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ అనే స్మార్ట్ ఇంటి పరికరాల కంపెనీ సర్వర్లు ముందు మాటైనా చెప్పకుండా ఆగిపోయాయి. ఆ తర్వాత వాడేవాళ్లలోనే కొందరు కలిసి ఆ కంపెనీని కొని మళ్లీ నడపాల్సి వచ్చింది.

కాబట్టి నిర్ణయం ఇంట్లోనే జరగాలి. దానికోసమే హబ్. సెన్సార్ చెప్పింది హబ్ వింటుంది, అక్కడే తేల్చుకుంటుంది, అక్కడి నుంచే లైటుకి చెబుతుంది. 2013లో మొదలైన హోమ్ అసిస్టెంట్ లాంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ని ఒక చిన్న కంప్యూటర్లో పెట్టుకుంటే వందల కంపెనీల పరికరాలు ఒక్కచోట చేరతాయి. అంత ఓపిక లేకపోతే, నెట్ లేకుండా కూడా నియమాలు నడిపే రెడీమేడ్ హబ్‌లు దొరుకుతాయి. ఆ మాట పెట్టె మీద రాసి ఉందో లేదో చూసి కొనండి.

పరీక్ష చాలా తేలిక. రౌటర్‌కి వచ్చే ఇంటర్నెట్ తీగ పీకేసి ఒక గంట ఇంట్లో మామూలుగా తిరగండి. ఏది పనిచేయడం లేదో రాసుకోండి. హబ్ కూడా ఆపేసి మళ్లీ తిరగండి. ఇప్పుడు కూడా గోడ మీది స్విచ్‌తో లైటు వెలగాలి, తాళంచెవితో తలుపు తెరుచుకోవాలి. ఇంటికొచ్చిన చుట్టానికి ఏ యాప్ గురించీ చెప్పాల్సిన అవసరం రాకూడదు.

ఏసీ, మోటారు నిమిషానికోసారి ఆన్, ఆఫ్ అవుతున్నాయి. ఎందుకు?

నియమంలో ఒకే అంకె పెట్టి ఉంటారు. 26 దాటితే ఆన్, 26 కంటే తగ్గితే ఆఫ్ అని రాస్తే గది 26 దగ్గర ఊగిసలాడినంతసేపూ ఏసీ కూడా ఊగిసలాడుతుంది. మధ్యలో ఖాళీ వదలాలి. 26.5 దగ్గర ఆన్, 25.5 దగ్గర ఆఫ్ చేయండి. పైగా ఆగిన కంప్రెసర్‌కి మళ్లీ మొదలయ్యేలోపు 3 నిమిషాలైనా విరామం ఇవ్వాలి, లోపలి పీడనం సర్దుకోవాలి. నీళ్ల ట్యాంకుకీ ఇదే సూత్రం. అడుగున ఒక హద్దు, పైన ఒక హద్దు. దాంతోపాటు 'ఎంతసేపటికీ ట్యాంకు నిండకపోతే మోటారు ఆపెయ్' అనే నియమం ఒకటి తప్పకుండా పెట్టండి. సెన్సార్ తప్పు చెప్పిన రోజున కాపాడేది అదే.

మా స్విచ్ బోర్డులో న్యూట్రల్ లేదంటున్నారు. అంటే ఏంటి?

మామూలు స్విచ్ పని తీగని కలపడం, విడదీయడం. అందుకని చాలా ఇళ్లలో స్విచ్ దాకా ఫేజ్ తీగ ఒక్కటే తెస్తారు, న్యూట్రల్ నేరుగా లైటుకి వెళ్లిపోతుంది. స్మార్ట్ స్విచ్‌లో ఉన్న చిన్న కంప్యూటర్ లైటు ఆరి ఉన్నప్పుడు కూడా మెలకువగా ఉండాలి, దానికి రెండు తీగలూ కావాలి. న్యూట్రల్ అక్కర్లేని రకాలూ ఉన్నాయి. అవి లైటు గుండానే కాస్త కరెంటు లాక్కుంటాయి. ఆ కాస్తకే కొన్ని ఎల్ఈడీ లైట్లు మిణుకుమిణుకుమంటాయి. కొత్తగా ఇల్లు కట్టుకుంటుంటే ప్రతి స్విచ్ పెట్టెకీ న్యూట్రల్ లాగించుకోండి, పెట్టెలు కాస్త లోతుగా పెట్టించుకోండి. గోడలు పూశాక ఆ పని ఎంత కష్టమో చెప్పలేను.

ఇంకో మాట, ఇది భద్రతకి సంబంధించింది. 3000 వాట్ల హీటర్ 230 వోల్టుల దగ్గర 13 ఆంపియర్లు లాగుతుంది. దాన్ని 10 ఆంపియర్ల స్మార్ట్ ప్లగ్గుకి తగిలిస్తే ప్లగ్గు వేడెక్కి కరిగిపోవచ్చు. మోటార్లు మొదలయ్యే క్షణంలో మామూలు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ లాగుతాయి, రిలే కొసలు అతుక్కుపోయి మోటారు ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. ఇలాంటివాటికి మధ్యలో కాంటాక్టర్ (ఎక్కువ కరెంటుని తట్టుకునే పెద్ద రిలే) పెట్టించాలి. మెయిన్ ఆపకుండా బోర్డు తెరవొద్దు. తెలియకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

కరెంటు బిల్లు నిజంగా తగ్గుతుందా?

లైట్లతో తగ్గదు. లెక్క వేసి చూద్దాం. 9 వాట్ల ఎల్ఈడీ బల్బుని సెన్సార్ రోజుకో గంట తక్కువ వెలిగించిందనుకోండి. ఏడాదికి మిగిలేది 3.3 యూనిట్లు. ఆ స్మార్ట్ బల్బు ఆరి ఉన్నప్పుడు కూడా కబురు కోసం కాచుకుని ఉంటుంది. దానికి అర వాటు పడుతుందనుకుంటే ఏడాదికి 4 యూనిట్ల పైనే అవుతుంది. మిగిల్చిన దానికంటే తిన్నదే ఎక్కువ! లైట్లకి సెన్సార్ పెట్టేది సౌకర్యం కోసం, భద్రత కోసం.

అసలు పొదుపు వేడి, చల్లదనం దగ్గర ఉంది. ఖాళీ గదిలో ఏసీ ఆపడం, కిటికీ తెరిచి ఉంటే ఏసీ నడవకుండా చూడడం, నీళ్ల హీటర్‌ని అవసరమైన గంటలకే పరిమితం చేయడం. ముందుగా మెయిన్ బోర్డులో తీగ చుట్టూ బిగించే కరెంటు క్లాంప్ ఒకటి పెట్టి 2 వారాలు చూడండి. ఏది ఎంత తింటోందో తెలియకుండా పరికరాలు కొంటే డబ్బు తప్పుచోటికి పోతుంది.

పెద్ద భవనాల్లో ఇది ఇంటికంటే ఎలా వేరు?

ప్రపంచం వాడే శక్తిలో సుమారు 30 శాతం భవనాలు నడపడానికే పోతోంది. అందులో పెద్ద భవనాలు వాడేది తక్కువేమీ కాదు కాబట్టి అక్కడ చిన్న దిద్దుబాటు కూడా పెద్ద లెక్క అవుతుంది. అక్కడి భాషలు వేరు. 1979లో ఫ్యాక్టరీల కోసం పుట్టిన మోడ్‌బస్ ఇంకా నడుస్తోంది. చిల్లర్లు (నీళ్లని చల్లబరిచే యంత్రాలు), గాలి యంత్రాలు, లిఫ్టులు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి 1995లో ప్రమాణంగా వచ్చిన బ్యాక్‌నెట్ ఉంది. లైట్లకి డాలీ ఉంది, ఒక్కో లైనులో 64 పరికరాలు. వీటన్నిటినీ ఒకచోట చూసేదాన్ని బీఎంఎస్ (బిల్డింగ్ మేనేజ్‌మెంట్ సిస్టమ్) అంటారు.

ఫ్యాన్ల సంగతి వింటే ఈ పని విలువ అర్థమవుతుంది. ఫ్యాను వేగం 80 శాతానికి తగ్గిస్తే అది తీసుకునే కరెంటు దాదాపు సగానికి పడిపోతుంది, ఎందుకంటే ఫ్యాను తీసుకునే కరెంటు దాని వేగపు ఘనాన్నిబట్టి మారుతుంది (0.8ని మూడుసార్లు గుణించి చూడండి). మీటింగు గదిలో కార్బన్ డయాక్సైడ్ 600 ఉంటే 20 మందికి సరిపడే గాలి తోయాల్సిన పని లేదు. సెన్సార్ ఆ మాట చెబితే ఫ్యాను నెమ్మదిస్తుంది.

నాకు ఇంకా విలువైనదిగా అనిపించేది దాగి ఉన్న లోపాలు బయటపడడం. చల్లటి నీళ్ల వాల్వు సరిగ్గా మూసుకోక కారుతోందనుకోండి. గది మరీ చల్లబడకుండా హీటర్ కూడా నడుస్తుంది. గదిలో ఉష్ణోగ్రత సరిగ్గానే ఉంటుంది, ఎవరూ ఫిర్యాదు చేయరు. రెండు యంత్రాలూ ఒకదానితో ఒకటి కుస్తీ పడుతూ ఏళ్ల తరబడి శక్తిని తగలేస్తాయి. పైపు మీది రెండు ఉష్ణోగ్రత సెన్సార్ల అంకెల్ని పక్కపక్కన పెట్టి చూస్తే ఆ దొంగ దొరికిపోతుంది.

ఆమ్‌స్టర్‌డామ్‌లో 2014లో పూర్తయిన ది ఎడ్జ్ అనే ఆఫీసు భవనంలో సుమారు 28,000 సెన్సార్లు ఉన్నాయి. ఆ సంఖ్య చూసి చాలామంది ముచ్చటపడతారు. నేను మాత్రం వాటిని చూసుకునే మనుషులు ఎందరున్నారని అడుగుతాను. 3 ఏళ్లుగా ఎవరూ సరిచూడని 1000 సెన్సార్ల కంటే, నెలనెలా సరిచూసే 100 సెన్సార్లు మేలు.

ఎవరైనా హ్యాక్ చేస్తే?

2016లో మిరాయ్ అనే వైరస్ లక్షలాది కెమెరాల్ని, రికార్డర్లని పట్టుకుంది. పెద్ద తెలివేమీ వాడలేదు. ఫ్యాక్టరీలో పెట్టిన 60 పైచిలుకు పాస్‌వర్డ్‌ల జాబితాని ఒక్కొక్కటే ప్రయత్నించింది. అలా పట్టుకున్న పరికరాలతోనే అదే ఏడాది అక్టోబరు 21న వెబ్‌సైట్ల పేర్లని బట్టి వాటి చిరునామా చెప్పే డైన్ అనే సంస్థ మీద దాడి చేస్తే ఎన్నో పెద్ద వెబ్‌సైట్లు గంటల తరబడి తెరుచుకోలేదు. ఆ తర్వాతే ప్రభుత్వాలు మేలుకున్నాయి. అన్ని పరికరాలకీ ఒకే పాస్‌వర్డ్ పెట్టి అమ్మడాన్ని బ్రిటన్ 2024 ఏప్రిల్ 29 నుంచి చట్టప్రకారం ఆపేసింది.

మీరు చేయాల్సింది ఎక్కువేమీ లేదు. పాస్‌వర్డ్ మార్చండి. అప్‌డేట్లు వచ్చినప్పుడు వేయండి. స్మార్ట్ పరికరాలని గెస్ట్ వైఫైలో పెట్టి, మీ లాప్‌టాప్‌ని వేరేగా ఉంచండి. బయటి నుంచి కెమెరా చూడడానికి రౌటర్‌లో పోర్టు (ఇంటర్నెట్ నుంచి ఇంట్లోకి వచ్చే దారి) తెరవొద్దు. ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారో చెప్పని కంపెనీ తలుపు తాళాలు కొనొద్దు.

ఇంట్లోవాళ్ల మీద నిఘా పెట్టినట్టు అవదా?

అవుతుంది, జాగ్రత్త పడకపోతే. తలుపు సెన్సార్ల చిట్టా చూస్తే ఎవరు ఎప్పుడు వచ్చారో, రాత్రి ఎన్నిసార్లు లేచారో తెలిసిపోతుంది. కరెంటు మీటరు అంకెలు చూసినా ఇల్లు ఎప్పుడు ఖాళీగా ఉంటుందో చెప్పొచ్చు. అందుకే పని జరగడానికి సరిపడా సమాచారమే తీసుకోవాలి. మనిషి ఉన్నాడా అని తెలిస్తే చాలు అన్నచోట కెమెరా వద్దు.

దూరంగా ఉంటున్న తల్లిదండ్రుల ఇంట్లో సెన్సార్లు పెట్టమని పిల్లలు అడుగుతుంటారు. ఆ ఆరాటం నాకు అర్థమవుతుంది. ముందు ఆ పెద్దవాళ్లనే అడగమంటాను. పడకగదిలో కెమెరా అంటే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. అదే 'పొద్దున 9 అయినా వంటింట్లో అలికిడి లేకపోతే నాకు కబురు వస్తుంది అమ్మా' అంటే చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. ఒక్క పీఐఆర్, ఒక్క ఫ్రిజ్ తలుపు సెన్సార్‌తో ఆ పని అయిపోతుంది.

ఏఐ ఉన్న పరికరాలే కొనాలా?

అక్కర్లేదు. ఇంట్లో పనికొచ్చే నియమాల్లో ఎక్కువ భాగం 'ఇలా జరిగితే అలా చెయ్' అన్నంత తేలికైనవే. ఎందుకు లైటు వెలిగిందో ఇంట్లో అందరికీ తెలియాలి, అప్పుడే దాన్ని నమ్ముతారు.

ఎక్కడ మొదలుపెట్టమంటారు?

మీకు రోజూ చిరాకు పెట్టే ఒక్క పని ఎంచుకోండి. రాత్రి లేస్తే దారి కనపడకపోవడం, నీళ్లు పొంగిపోవడం, పడకగదిలో ఉక్కగా ఉండడం, ఏదైనా సరే. దానికి ఒక సెన్సార్, ఒక నియమం పెట్టండి. ఒక నెల వాడండి. ఇంట్లోవాళ్లు దాని గురించి మాట్లాడుకోవడం మానేశారంటే అది కుదిరిందని అర్థం. అప్పుడు రెండోది చూడండి.

ఇల్లు ఖాళీ చేసేటప్పుడు లేదా అమ్మేటప్పుడు ఏం చేయాలి?

తాళం, కెమెరా, స్విచ్‌లు అన్నిటినీ ముందు మీ యాప్ ఖాతా నుంచి తీసేయండి, తర్వాత ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. రీసెట్ ఒక్కటే చేస్తే కొన్ని పరికరాలు పాత ఖాతాకే కట్టుబడి ఉంటాయి, కొత్తవాళ్లు వాడుకోలేరు. పాత వైఫై పాస్‌వర్డ్ చాలా పరికరాల్లోనే నిల్వ ఉంటుంది కాబట్టి పాడైనవాటిని కూడా చెరిపేశాకే ఎలక్ట్రానిక్ చెత్తలో వేయండి. ఏ స్విచ్ వెనకాల ఏ రిలే ఉంది, హబ్ ఎక్కడ ఉంది, దాన్ని తీసేస్తే మామూలు స్విచ్‌గా ఎలా మార్చాలి అన్నది ఒక కాగితం మీద రాసి మెయిన్ బోర్డు తలుపు లోపలి వైపు అతికించండి. పాత ఇంటి నుంచి వచ్చేస్తే అదే పని మీ కొత్త ఇంట్లో కూడా మొదటి వారంలోనే చేసుకోండి, పాతవాళ్ల ఖాతాలో ఇంకా ఏ తాళమైనా మిగిలి ఉందేమో అడిగి తెలుసుకోండి.